వీధి కార్యక్రమానికి మునిసిపాలిటీ సాయం కోరడం ఎలా?

సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టాలనుకునే పొదుపు సంఘం మహిళలు, వేసవి సెలవుల్లో పిల్లలకు ఆటల పోటీలు జరపాలనుకునే కాలనీ యువకులు, ఆదివారం పూట ఉచిత వైద్య పరీక్షలు పెట్టాలనుకునే విశ్రాంత ఉద్యోగులు అందరూ చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తున్నారు: మునిసిపాలిటీ ఏమైనా ఇస్తుందా, ఇస్తే ఎవరిని ఎలా అడగాలి? నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థలను, కావలి, మార్కాపురం వంటి పురపాలక సంఘాలను, చీమకుర్తి వంటి నగర పంచాయతీలను దృష్టిలో ఉంచుకొని ఆ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. గ్రామ పంచాయతీల సంగతి చివర్లో వేరుగా ఉంది.

ముందే ఒక మాట. ఇంగ్లండులో ఉన్న మన పిల్లలు అక్కడి కౌన్సిళ్లు వీధి కార్యక్రమాలకు చిన్న గ్రాంట్లు ఇస్తాయని, దానికి ఒక ఫారం, ఒక గడువు ఉంటాయని చెబుతుంటారు. అది నిజమే కానీ ఇక్కడ ఆ ఫారం కోసం కౌంటర్లన్నీ తిరగకండి. మన దగ్గర తెల్లకాగితం మీద రాసిన అర్జీయే దరఖాస్తు. మన పురపాలక సంస్థలు రొక్కం చేతికివ్వడం అరుదు, పని చేసిపెట్టడం మామూలు. నెల్లూరులో రొట్టెల పండుగ వచ్చినప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర కార్పొరేషన్ చేసే పనులు గుర్తు తెచ్చుకుంటే ఈ తేడా తెలుస్తుంది: నీళ్లు, దీపాలు, పారిశుద్ధ్యం, తాత్కాలిక మరుగుదొడ్లు. అంత పెద్ద పండుగకు చేసేవాటిలో చిన్న తునకను మీ వీధికి అడుగుతున్నారని అనుకుంటే అర్జీ సగం రాసినట్టే.

దగ్గర ఉంచుకోవలసినవి

- కార్యక్రమం పేరు, తేదీ, సమయం, స్థలం, వచ్చేవారి సంఖ్య రాసిన ఒక పేజీ వివరం
- సంఘం రిజిస్ట్రేషన్ పత్రం నకలు (ఉంటే), సంఘం పేరున ఉన్న బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకలు, పాన్ కార్డు నకలు
- సంఘం సమావేశ తీర్మానం నకలు, దానిమీద సభ్యుల సంతకాలు
- ఖర్చు అంచనా, పెద్ద పద్దులకు కనీసం రెండేసి కొటేషన్లు
- స్థలం చూపే చేతిగీత పటం
- వీధివారి సమ్మతి సంతకాలు. రోడ్డు మీద జరిపేటట్లయితే ఇది తప్పనిసరి అనుకోండి
- అర్జీ మూడు ప్రతులు: ఒకటి కార్యాలయానికి, ఒకటి డివిజన్ లేదా వార్డు ప్రతినిధికి, ఒకటి ముద్ర వేయించుకొని మీ దగ్గర ఉంచుకోవడానికి

అసలు పత్రాలు ఎవరికీ ఇవ్వకండి. ఇచ్చిన కాగితం ఫైలులో కుట్టేశాక మళ్లీ బయటికి తీయించడం ఎంత కష్టమో ఒకసారి అనుభవించినవారికి చెప్పనక్కర్లేదు.

1. డబ్బు అడగాలా, పని అడగాలా తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించవలసింది ఇక్కడే. మీ అవసరాలన్నీ ఒక కాగితం మీద రాసి, ప్రతిదాని పక్కన 'ఇది మునిసిపాలిటీ దగ్గర ఇప్పటికే ఉన్న మనిషితోనో, బండితోనో, స్థలంతోనో తీరుతుందా?' అని ప్రశ్నించుకోండి. వీధి ఊడ్చడం, చెత్త తీసుకెళ్లడం, నీళ్ల ట్యాంకరు, వెలగని వీధిదీపాల మరమ్మతు, మురుగు కాలువ మీద బ్లీచింగ్ చల్లించడం, పార్కు లేదా కమ్యూనిటీ హాలు అద్దె మినహాయింపు వంటివి అలా తీరేవి. వీటికి కొత్తగా నిధి వెతకనక్కర్లేదు గనుక, కమిషనర్ ఒక్క వాక్యం రాసి సంబంధిత విభాగానికి పంపితే చాలు. షామియానా అద్దె, మైకు సెట్టు, బహుమతులు, పలహారం అలా తీరవు. వాటికి పద్దు కావాలి, పద్దుకు మంజూరు కావాలి, మంజూరుకు ఆడిట్‌లో నిలబడే కారణం కావాలి.

కాబట్టి పని అడిగే అర్జీని, డబ్బు అడిగే అర్జీని వేరువేరుగా రాయండి. రెండూ ఒకే కాగితంలో కలిపితే డబ్బు ప్రశ్న తేలేవరకు ట్యాంకరు కూడా ఆగుతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

డబ్బు అడగక తప్పనప్పుడు కూడా మీ ఖాతాలో వేయమనడం కంటే, టెంటు హౌసు బిల్లును కార్పొరేషనే నేరుగా చెల్లించేలా కోరడం మేలు. అధికారికి అది తేలికగా ఉంటుంది, వీధిలో మీ మీద మాట కూడా రాదు.

ఇక పార్లమెంటు సభ్యుల నిధుల నుంచి కార్యక్రమానికి డబ్బు ఇప్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ పథకం కింద ఒక్కో సభ్యుడికి ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చేసే వీలున్నా, అవి ప్రధానంగా శాశ్వతంగా నిలిచే ఆస్తుల కోసం. ఒక సాయంత్రం వేసి విప్పేసే షామియానా వాటిలోకి రాదు.

2. తేదీని, స్థలాన్ని కార్యాలయం వైపు నుంచి చూసి నిర్ణయించండి

కార్యక్రమానికి కనీసం 45 రోజుల ముందు అర్జీ చేరాలి. డబ్బు అడిగేటట్లయితే 60 రోజులు పెట్టుకోండి. ఇది చట్టంలో ఉన్న గడువు కాదు, ఫైలు బల్ల నుంచి బల్లకు నడవడానికి పట్టే కాలాన్ని చూసి చెబుతున్న లెక్క. మన నెల్లూరు, ఒంగోలు వైపు కొన్ని కాలాలు అర్జీలకు అనువుగా ఉండవు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను, 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపానును చూసినవారికి తెలుసు, అలాంటి రోజుల్లో మునిసిపల్ సిబ్బంది అంతా నీళ్లు తోడించే పనిలో ఉంటారు. సంక్రాంతి ముగ్గుల పోటీకి అర్జీని నవంబరు మొదటి వారం దాటనివ్వకండి, కుదిరితే అక్టోబరులోనే ఇవ్వండి. మార్చి నెల ఆర్థిక సంవత్సరం ముగింపు. ఆస్తిపన్ను వసూళ్లు, బిల్లుల హడావుడి మధ్య మీ కాగితం ఎవరికీ కనబడదు. రొట్టెల పండుగ మొహర్రం నెలను అనుసరించి వస్తుంది గనుక ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. నెల్లూరు నగరంలో ఉన్నవారు ఆ వారాన్ని క్యాలెండరులో చూసి తప్పించుకోవాలి. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లోకి వస్తే కొత్త మంజూర్లు ఆగిపోతాయి. మేలో ఆరుబయట మధ్యాహ్నం కార్యక్రమం పెట్టవద్దని ఈ జిల్లాల వారికి నేను చెప్పనక్కర్లేదు.

స్థలం విషయంలో మునిసిపల్ పార్కు, కమ్యూనిటీ హాలు, పాఠశాల ఆవరణ, ఆ తరువాతే వీధి అనే వరుసలో ఆలోచించండి. పాఠశాల ఆవరణకు ప్రధానోపాధ్యాయుల లిఖిత అంగీకారం వేరుగా కావాలి. వీధిలోనే జరపాలంటే ఒక పక్క అంబులెన్సు, అగ్నిమాపక వాహనం పోయేంత దారి వదులుతున్నామని పటంలో గీసి చూపండి. ప్రధాన రహదారిని మూసేయాలనే ఆలోచన మానుకోండి.

3. ఎవరి పేరున అడగాలి

రిజిస్టరైన సంఘం ఉంటే దాని పేరున అడగండి. ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చు. అయితే ఈ ఒక్క కార్యక్రమం కోసమే దానికి పూనుకోవద్దు. ఏటా జరుపుతామనే నమ్మకం ఉంటేనే ఆ శ్రమకు ఫలితం.

రిజిస్టరు కాని కాలనీ కమిటీకి రెండు దారులున్నాయి. మొదటిది, డబ్బు అడగకుండా పని మాత్రమే అడగడం. దానికి పదిమంది నివాసుల సంతకాలతో అర్జీ ఇస్తే సరిపోతుంది. రెండవది, మీ వీధిలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల సమాఖ్యను ముందు నిలపడం. వారికి బ్యాంకు ఖాతా, తీర్మానాల పుస్తకం, లెక్క రాసే అలవాటు ముందే ఉంటాయి. పొదుపు ఉద్యమం పేరు చెబితే రాష్ట్రమంతా నెల్లూరును తలుచుకుంటుంది. ఆ అనుభవం మీ వీధి చివరనే ఉండగా వేరే చోట వెతకడం దేనికి?

వ్యక్తి పేరున, ముఖ్యంగా ఏదో ఒక పార్టీలో పదవి ఉన్న వ్యక్తి పేరున అర్జీ పెట్టకండి. ఆయన ఎంత మంచివాడైనా సరే, ఎదుటి పక్షం వారు అడ్డుపడటానికి మీరే సాకు ఇచ్చినట్టవుతుంది.

4. అంచనా వేయండి

గుండ్రని అంకెలతో 'సుమారు యాభై వేలు' అని రాసిన అంచనాను ఎవరూ నమ్మరు. 200 మంది వచ్చే ముగ్గుల పోటీకి నమూనాగా ఒక లెక్క ఇస్తున్నాను. ధరలు ఉదాహరణకు మాత్రమే, మీ ఊరి టెంటు హౌసులో కనుక్కొని రాసుకోండి.

- షామియానా, 150 కుర్చీలు, నాలుగు బల్లలు: 9,000
- మైకు సెట్టు: 4,000
- తాగునీటి క్యాన్లు: 2,000
- పలహారం, 200 మందికి తలకు 30 చొప్పున: 6,000
- బహుమతులు: 5,000
- గుడ్డ బ్యానరు, కరపత్రాలు: 1,500
- తాత్కాలిక విద్యుత్తు: 1,500
- చిల్లర ఖర్చులు: 1,000
- మొత్తం: 30,000

దీని కిందనే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాయాలి. వీధి చందాలు 12,000. బహుమతులకు ఒక దుకాణదారు ఇచ్చేవి 5,000. కార్పొరేషన్‌ను కోరుతున్నది షామియానా, మైకు సెట్టు కలిపి 13,000. ఈ మూడూ కూడితే పైన వేసిన 30,000 రావాలి. రాకపోతే అర్జీ ఇవ్వకండి. కూడిక తప్పిన అంచనా వెనక్కి వస్తే సరిచేసి మళ్లీ ఇవ్వడానికి మరో పక్షం రోజులు పోతాయి.

ఇందులో చూడవలసింది ఏమిటంటే, మీరు అడుగుతున్న 13,000 ఒకే రకమైన, బిల్లు వచ్చే పద్దుల మీద నిలబడి ఉంది. పలహారానికి, చిల్లర ఖర్చులకు ప్రజాధనం అడగకండి, వాటిని చందాలతో కట్టుకోండి. ఖర్చు మొత్తాన్నీ మునిసిపాలిటీ మీద వేసిన అర్జీకంటే, సగానికి పైగా తామే పెట్టుకుంటున్నామని చూపిన అర్జీకి బలం ఎక్కువ.

5. అర్జీ రాయండి

ఒక పేజీ దాటకూడదు. పొగడ్తలు వద్దు, వీధి చరిత్ర వద్దు. 'తగిన ఆర్థిక సాయం చేయగలరు' అనే వాక్యం అసలు వద్దు. 'తగిన' అంటే ఎంతో ఫైలు రాసే గుమాస్తాకు తెలియదు, అతడు మిమ్మల్ని అడగడు, కాగితం పక్కన పెడతాడు. పని కోరే అర్జీకి నమూనా ఇది:

> గౌరవనీయులైన కమిషనర్ గారికి,
> …… నగరపాలక సంస్థ.
>
> విషయం: ……వ డివిజన్, …… వీధిలో …… తేదీన జరిపే ముగ్గుల పోటీకి పారిశుద్ధ్యం, నీటి ట్యాంకరు, వీధిదీపాల సౌకర్యం కోరుతూ.
>
> అయ్యా/అమ్మా,
>
> మా వీధి నివాసులు …… తేదీ ఆదివారం ఉదయం 6 నుంచి 11 గంటల వరకు ముగ్గుల పోటీని, దానితోపాటు రక్తపోటు, మధుమేహ పరీక్షలను ఏర్పాటు చేసుకుంటున్నారు. సుమారు 200 మంది పాల్గొంటారు. ప్రవేశ రుసుము లేదు. కులమత భేదం లేకుండా అందరికీ ప్రవేశం ఉంటుంది. ఇందుకు ఈ కింది సౌకర్యాలు కల్పించవలసిందిగా కోరుతున్నాము.
>
> (1) ముందురోజు సాయంత్రం వీధి ఊడ్పించి, చెత్త తొలగించడం.
> (2) ఆ రోజు తెల్లవారుజామున 5 గంటలకు కళ్లాపి కోసం ఒక ట్యాంకరు నీరు.
> (3) ……, …… స్తంభాల వీధిదీపాల మరమ్మతు.
> (4) ఉదయం 11:30కు తడి, పొడి చెత్త వేరుగా తీసుకెళ్లే వాహనం.
>
> బహుమతులు, పలహారం ఏర్పాట్లు మేమే చూసుకుంటున్నాము. స్థల పటం, నివాసుల సమ్మతి సంతకాలు జతపరచడమైనది. సంప్రదించవలసిన ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు కింద ఇచ్చాము.
>
> భవదీయులు,

డబ్బు కోరే అర్జీలో విషయం వాక్యంలోనే మొత్తం రాయండి: 'షామియానా, మైకు సెట్టు అద్దె రూ. 13,000 మంజూరు కోరుతూ'. దానికి అంచనా, కొటేషన్లు, తీర్మానం జత చేయండి. మతసంబంధమైన పూజకో ఊరేగింపుకో డబ్బు కోరితే ఫైలు ముందుకు సాగడం కష్టం. అలాంటి సందర్భంలో నీళ్లు, దీపాలు, పారిశుద్ధ్యం వరకే కోరండి. అవి ఎవరి పండుగకైనా పౌరులందరికీ అందవలసినవే.

ఇద్దరి ఫోను నంబర్లు ఇమ్మన్నాను. ఒక్కరిదే ఇచ్చి ఆయన ఊరికి వెళ్లిన రోజే ఫోను వస్తే ఎవరు తీస్తారు?

6. ఇచ్చి, నంబరు తీసుకోండి

మీ వార్డు సచివాలయంలో ముందు చూపించండి. పరిపాలన కార్యదర్శి, పారిశుద్ధ్య కార్యదర్శి, వసతుల కార్యదర్శి ఈ ముగ్గురికీ మీ పని సంగతి తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే పైనుంచి 'విచారించి నివేదించండి' అని వచ్చే కాగితం తిరిగి చేరేది వారికే. అర్జీని మాత్రం ప్రధాన కార్యాలయంలో, వచ్చిన కాగితాలను నమోదు చేసే ఇన్‌వార్డు విభాగంలో ఇవ్వండి. మీ ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోకుండా కదలకండి.

కార్పొరేటర్‌కు లేదా కౌన్సిలర్‌కు ఒక ప్రతి ఇచ్చి, దానిమీద సిఫారసు రాయించుకుంటే మంచిది. నెల్లూరులో 54, ఒంగోలులో 50 డివిజన్లున్నాయి. మీ వీధి ఏ డివిజన్‌లోదో ముందు సరిచూసుకోండి, ఎందుకంటే హద్దు వీధుల వారు ఓటు వేసేది ఒక చోట, పన్ను రసీదులో ఉండేది మరో చోట అని తికమకపడుతుంటారు. పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన నడుస్తున్న కాలమైతే ఈ సిఫారసు కోసం తిరగనక్కర్లేదు, నేరుగా కమిషనర్ కార్యాలయానికే వెళ్లండి.

హెచ్చరిక: అర్జీని అధికారి సహాయకుడి చేతిలోనో, ప్రతినిధి ఇంటి దగ్గరో ఇచ్చి 'చేరిపోయింది' అనుకోవద్దు. మా వీధిలో మొదటిసారి మేము చేసింది అదే. సరేనన్న మాటను నమ్మి తెల్లవారుజామున చీపుర్లు పట్టుకొని నిలబడ్డాము, ట్యాంకరు రాలేదు. తరువాత కనుక్కుంటే అలాంటి కాగితమే కార్యాలయంలో లేదు. ఎదురింటి బోరు నుంచి బిందెలతో కళ్లాపి చల్లుకున్నాము గనుక పోటీ ఆగలేదు కానీ, ఆ రోజు నుంచి నంబరు లేని అర్జీని అర్జీగా లెక్కపెట్టడం మానేశాము.

7. ఫైలు వెంట నడవండి

పది రోజుల తరువాత ఇన్‌వార్డు నంబరు పట్టుకొని వెళ్లి, అర్జీ ఏ విభాగానికి వెళ్లిందో అడగండి. పని కోరిన అర్జీ ఆరోగ్య, పారిశుద్ధ్య విభాగానికో, ఇంజనీరింగ్ విభాగానికో చేరి ఉండాలి. డబ్బు కోరినది లెక్కల విభాగం చూసి, మొత్తాన్ని బట్టి కమిషనర్ స్థాయిలో తేలవచ్చు, లేదా నగరపాలక సంస్థలో స్థాయీ సంఘానికి, పురపాలక సంఘంలో కౌన్సిల్‌కు అజెండా అంశంగా వెళ్లవచ్చు. అజెండాకు వెళ్లవలసి ఉంటే తరువాతి సమావేశం ఎప్పుడో అడగండి. అది మీ కార్యక్రమం తేదీ తరువాత ఉందంటే డబ్బు ఆశ అప్పుడే వదులుకొని చందాల పుస్తకం తీయండి.

జరిగిపోయిన ఖర్చుకు తరువాత మంజూరు ఇప్పిస్తామనే మాట మీద ఆధారపడకండి. మంజూరు ముందు, ఖర్చు తరువాత. ఈ వరుస తిరగబడితే ఆడిట్ అభ్యంతరం వస్తుందని ఏ అధికారికైనా తెలుసు.

వెళ్లిన ప్రతిసారీ తేదీ, కలిసినవారి హోదా, చెప్పిన మాట ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మూడు వారాలు దాటినా కదలిక లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇన్‌వార్డు నంబరుతో సహా ఇవ్వవచ్చు. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఫైలు స్థితి అడగడం చివరి మార్గం. దానికి 10 రూపాయల రుసుము, జవాబుకు 30 రోజుల గడువు ఉంటాయి గనుక ఈ ఏటి కార్యక్రమానికి అది పనికిరాకపోవచ్చు, వచ్చే ఏటికి పనికొస్తుంది.

8. మిగిలిన అనుమతులు

మునిసిపాలిటీ ఒప్పుకున్నంత మాత్రాన మిగతావారు ఒప్పుకున్నట్టు కాదు.

*మైకు:* పోలీసుల లిఖిత అనుమతి కావాలి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ఉండవచ్చు గనుక అలాంటివి దగ్గరలో ఉంటే ముందే పోలీసులను అడగండి.

*విద్యుత్తు:* స్తంభానికి కొక్కెం తగిలించడం ప్రాణాపాయం, పైగా విద్యుత్ చట్టం, 2003 ప్రకారం దొంగతనం. తాత్కాలిక కనెక్షన్‌కు నెల్లూరు వారు దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ), ప్రకాశం వారు మధ్య డిస్కం స్థానిక కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. ఒక ఇంటి మీటరు నుంచి తీసుకునేటట్లయితే ఎంత లోడు తట్టుకుంటుందో లైన్‌మన్‌ను అడగకుండా మైకు సెట్టు, దీపాల తోరణాలు రెండూ కలపకండి.

*చెత్త:* లైసెన్సు లేని చోట వందమందికి మించి చేరే కార్యక్రమానికి కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. మీ అర్జీయే ఆ తెలియజేతగా పనికొస్తుంది, అందుకే వచ్చేవారి సంఖ్య అందులో రాయమన్నాను. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, థర్మోకోల్ అలంకరణ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. విస్తరాకులు, స్టీలు గ్లాసులు, గుడ్డ బ్యానరు పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

*వైద్య పరీక్షలు:* మీ ప్రాంతపు పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి వేరే అర్జీ ఇవ్వండి. రక్తదానం కూడా పెట్టాలనుకుంటే నెల్లూరులో రెడ్‌క్రాస్ రక్తనిధిని సంప్రదించవచ్చు.

9. ఉత్తర్వును చదవండి

ఉత్తర్వు నకలు చేతికి రాగానే సంబరపడకుండా నాలుగు సంగతులు చూడండి: తేదీ సరిగా ఉందా, వీధి పేరు సరిగా ఉందా, పని అప్పగించిన అధికారి హోదా రాశారా, డబ్బయితే మొత్తం ఎంత, దాన్ని ఎవరికి చెల్లిస్తారు. ఒకే పేరున్న వీధులు రెండు ఉన్న ఊళ్లు మనకు తక్కువేమీ కాదు. 'షరతులకు లోబడి' అని ఉంటే ఆ షరతులు ఏ పేజీలో ఉన్నాయో అడిగి తీసుకోండి.

అడిగినదానికంటే తక్కువ మంజూరైతే అంచనాను సవరించి, కోత పడిన పద్దును చందాల వైపు మార్చి, సవరించిన ప్రతిని సంఘం తీర్మానంతో దాచుకోండి.

రెండు రోజుల ముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు, ట్యాంకరు చూసే సిబ్బందికి ఉత్తర్వు నకలు స్వయంగా చూపండి. పై కార్యాలయం నుంచి వారికి కాగితం చేరిందని అనుకోవద్దు. చేరిందా లేదా అన్నది అడిగితేనే తెలుస్తుంది.

10. ఆ రోజు చేయవలసినవి

ఒకరిని లెక్కకు, ఒకరిని మునిసిపల్ సిబ్బందితో మాట్లాడటానికి ప్రత్యేకంగా పెట్టండి. వారిద్దరికీ వేదిక పని అప్పగించకండి. వచ్చినవారి సంతకాల పుస్తకం పెట్టండి. ట్యాంకరు వచ్చినప్పుడు, షామియానా వేసినప్పుడు, కార్యక్రమం నడుస్తున్నప్పుడు, అంతా శుభ్రం చేశాక తేదీ, సమయం కనబడేలా ఫొటోలు తీయండి. కార్యక్రమం ముగిశాక వీధి ఫొటో తీయడం అందరూ మరచిపోతారు, మళ్లీ ఏడాది అర్జీకి జత చేయవలసింది అదే. బ్యానరు మీద 'నగరపాలక సంస్థ సహకారంతో' అని రాయవచ్చు, రాజకీయ నాయకుల బొమ్మలు మాత్రం వేయకండి.

వాన వస్తే ఏం చేస్తారో ముందే అనుకోండి. వాయిదా వేయవలసి వస్తే అదే రోజు రెండు వాక్యాల లేఖ ఇచ్చి కొత్త తేదీకి ఉత్తర్వు సవరణ కోరండి. పాత తేదీ ఉన్న ఉత్తర్వుతో కొత్త తేదీ బిల్లు పెడితే చెల్లింపు జరగదు.

11. లెక్క అప్పజెప్పండి

పది రోజుల లోపు ఈ కట్ట ఇవ్వండి: ఒక పేజీ నివేదిక, నాలుగు ఫొటోలు, బిల్లులు, ఖర్చు పట్టిక, మొత్తాన్ని ఉద్దేశించిన పనికే ఖర్చుచేశామని అధ్యక్ష, కోశాధికారుల సంతకాలతో ధ్రువీకరణ. బిల్లు సంఘం పేరున (లేదా కార్పొరేషన్ నేరుగా చెల్లించేటట్లయితే వారు చెప్పిన పేరున) ఉండాలి, తేదీ ఉత్తర్వు తరువాతిదై ఉండాలి, టెంటు హౌసు ముద్ర ఉండాలి. చిన్న టెంటు హౌసుకు జీఎస్టీ నంబరు లేకపోవచ్చు; నంబరు లేనివారు బిల్లులో పన్ను వేయకూడదు, అది మాత్రం చూసుకోండి. 5,000 రూపాయలకు మించిన రొక్కం రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకోవాలి. ఇంత చిన్న స్టాంపు లేక ఆగిపోయే బిల్లులు ఎన్నో.

మిగిలిన డబ్బు ఉంటే అడగకముందే తిరిగి కట్టి రసీదు తీసుకోండి. 400 రూపాయలే కదా అని ఉంచుకుంటే, మళ్లీ ఏడాది ఫైలులో 'గత లెక్క పెండింగ్' అన్న మాట ముందు కనబడుతుంది.

పల్లెల్లో అయితే

గ్రామ పంచాయతీలో అర్జీ పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, సర్పంచ్‌కు ఒక ప్రతి ఇవ్వాలి. ఇక్కడ దూరం తక్కువ, నిధులు కూడా తక్కువే. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టి ఇచ్చారు. అలాంటి నిధిని పోటీలకు, బహుమతులకు ఖర్చుచేయమని కార్యదర్శిని ఒత్తిడి చేస్తే చిక్కుల్లో పడేది ఆయనే. సాధారణ నిధి నుంచి చిన్న మొత్తం కోరండి, పంచాయతీ తీర్మానంలో మీ అంశం నమోదైందో లేదో తీర్మానాల పుస్తకంలో చూసి సంఖ్య రాసుకోండి. సమాచార హక్కు కింద గ్రామ స్థాయిలో అడిగితే రుసుము లేదు.

'నిధులు లేవు' అని జవాబు వస్తే

ఆ జవాబు కాగితం మీద తీసుకోండి. పని కోరిన అర్జీ వేరుగా ఉంది గనుక అది నడుస్తూనే ఉంటుంది. తరువాతి ఏడాది బడ్జెట్ అంచనాలు తయారయ్యేది సాధారణంగా చలికాలంలో. ఈ ఏడు జరిపిన కార్యక్రమం నివేదికను, ఫొటోలను, చందాల లెక్కను జత చేసి, వచ్చే బడ్జెట్‌లో వార్డు కార్యక్రమాలకు చిన్న పద్దు పెట్టవలసిందిగా కమిషనర్‌కు, మీ ప్రతినిధికి అప్పుడే ఒక లేఖ ఇవ్వండి, ముద్ర వేయించుకున్న ప్రతిని పాత నోటుపుస్తకంలోనే పెట్టుకోండి.